పెద్ద చక్రం వేస్తే బండి వేగం పెరుగుతుందా, తగ్గుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కారుకి మొదట్నుంచీ ఉన్న టైర్లు 195/65 ఆర్15. వాటిని తీసేసి 16 అంగుళాల రిమ్ములు వేయిద్దామనుకుంటున్నారు. ఒక స్నేహితుడేమో "పెద్ద చక్రం ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, కాబట్టి స్పీడు పెరుగుతుంది" అన్నాడు. ఇంకొకాయన "పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, పికప్ పోతుంది" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు. మొదటాయన చక్రం తిరిగే వేగం, అంటే ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), మారదని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. రెండో ఆయన బండి వేగం మారదనుకుని మాట్లాడుతున్నాడు. చక్రం సైజు మీద ఏ లెక్క మొదలుపెట్టినా ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఇక్కడ ఏది మారకుండా ఉంది? అది తేలిపోతే మిగిలేది ఒక గుణకారం. ఇక మీ కారు సంగతికొస్తే, 15 నుంచి 16కి పోయినంత మాత్రాన చక్రం పెద్దదైనట్టు కాదు. 205/55 ఆర్16 వేయిస్తే మీ చక్రం పెరగదు సరికదా, వెంట్రుకవాసి తగ్గుతుంది. స్పీడు, పికప్, మీటరు ఏవీ చెప్పుకోదగ్గంతగా మారవు.

ఇప్పుడు కారణాలు. నేను వర్క్‌షాపులో చాలాకాలం పనిచేసి, తర్వాత అదే పనిని విద్యార్థులకి నేర్పుతున్నవాణ్ణి. అందుకని కాస్త విడమరిచి చెప్పడం అలవాటైపోయింది, ఓపిక పట్టండి.

చక్రం జారకుండా ఒక్క చుట్టు తిరిగితే బండి కదిలే దూరం దాని చుట్టుకొలతంత. చుట్టుకొలత అంటే వ్యాసాన్ని 3.1416తో గుణించడం. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం ఒక చుట్టుకి 1.885 మీటర్లు పోతుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగితే 1,131 మీటర్లు, అంటే గంటకి దాదాపు 68 కిలోమీటర్లు. అదే 600 చుట్లకి 66 సెంటీమీటర్ల చక్రమైతే గంటకి 74.6 కిలోమీటర్లు. వ్యాసం 10 శాతం పెరిగింది, వేగమూ అంతే పెరిగింది. ఇక్కడ వర్గాలూ ఘనాలూ ఏమీ లేవు, నేరు సంబంధం. నోటి లెక్కకి పనికొచ్చే సూత్రం ఒకటి చెప్తాను: మీటర్లలో వ్యాసం × ఆర్పీఎం × 0.1885 = గంటకి కిలోమీటర్లు.

పుస్తకాల్లో దీన్నే "రేఖీయ వేగం = వ్యాసార్థం × కోణీయ వేగం" అని రాస్తారు. అదీ ఇదీ ఒకటే. అయితే ఆ సూత్రంలో కోణీయ వేగం సెకనుకి ఇన్ని రేడియన్లు అని ఉండాలి (రేడియన్ కోణాన్ని కొలిచే ప్రమాణం, ఒక పూర్తి చుట్టుకి 6.28 రేడియన్లు). చాలామంది అక్కడ ఆర్పీఎం అంకెని ఉన్నదున్నట్టు పెట్టేసి, గంటకి 648 కిలోమీటర్లు పోయే ఆటోరిక్షాని తయారు చేస్తారు. ఒక ఆర్పీఎం అంటే సెకనుకి 0.1047 రేడియన్లు. 600 ఆర్పీఎంకి 62.8 రేడియన్లు, దాన్ని 0.3 మీటర్లతో గుణిస్తే సెకనుకి 18.85 మీటర్లు. గంటకి మార్చుకుంటే మళ్ళీ అదే 68.

ఏది మారకుండా ఉంటుందన్న విషయానికి వద్దాం. నిజజీవితంలో మూడు రకాలు ఎదురవుతాయి.

ఒకటి, తిరిగే వేగం కట్టుబడి ఉన్నప్పుడు. ఒకే ఇరుసు మీద ఉన్నవన్నీ ఈ కోవకే వస్తాయి. ఇంజను 2,000 ఆర్పీఎం దగ్గర ఫలానా గేరులో ఉంటే ఇరుసు ఎంత తిరగాలో గేర్లే తేల్చేస్తాయి, టైరు పెద్దదా చిన్నదా వాటికి అనవసరం. ఇక్కడ పెద్ద చక్రానిదే వేగం.

రెండు, బండి వేగం కట్టుబడి ఉన్నప్పుడు. ఒక లారీ, దాని పక్కనే ఒక స్కూటరు, రెండూ గంటకి 50 మీద పోతున్నాయనుకోండి. లారీ చక్రం మీటరు వ్యాసమైతే నిమిషానికి 265 చుట్లు, స్కూటరు చక్రం 45 సెంటీమీటర్లయితే 589 చుట్లు. చిన్నది ఎక్కువ తిరగాలి, తప్పదు. చిన్న చక్రాల బండ్లలో బేరింగులు త్వరగా అరగడానికి ఇదీ ఒక కారణం.

మూడోది, అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నప్పుడు. బెల్టు వేసిన పుల్లీలు, చైను వేసిన పళ్ళచక్రాలు, పళ్ళు కలిసిన గేర్లు. వీటిలో అంచు వేగం రెండింటికీ ఒకటే, తిరిగే వేగమే మారుతుంది. 100 మిల్లీమీటర్ల పుల్లీ నుంచి 200 మిల్లీమీటర్ల పుల్లీకి బెల్టు వేస్తే పెద్దది సగం వేగంతో తిరుగుతుంది.

సైకిల్లో ఈ మూడూ ఒకేచోట కనిపిస్తాయి. ముందు పళ్ళచక్రానికీ వెనక పళ్ళచక్రానికీ చైను ఉంది కనుక అంచు వేగం సమానం. వెనక పళ్ళచక్రం, వెనక చక్రం ఒకే ఇరుసు మీద ఉన్నాయి కనుక ఆర్పీఎం సమానం. ముందు చక్రం, వెనక చక్రం ఒకే సైకిలుకి ఉన్నాయి కనుక రోడ్డు మీద వేగం సమానం. పరీక్షల్లో ఈ లెక్క తప్పిన పిల్లల్లో దాదాపు అందరూ ఒక చోట ఉండాల్సిన "సమానం" గుర్తుని ఇంకోచోట పెట్టినవాళ్ళే.

పాత గ్రామఫోను రికార్డు, సీడీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు, మొదట్నుంచి చివరిదాకా అంతే. బయటి గాడి దగ్గర ముల్లు కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు జారిపోతే, లోపలి గాడికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే. రికార్డు చివరి పాటల్లో ధ్వని నాణ్యత తగ్గినట్టు అనిపించేది ఇందుకే, అదే సెకను సంగీతాన్ని తక్కువ గాడిలో ఇరికించాలి మరి. సీడీలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ కట్టుబడి ఉండేది రేఖీయ వేగం, సెకనుకి 1.2 నుంచి 1.4 మీటర్లు. అందుకని లోపలి అంచు దగ్గర నిమిషానికి 500 చుట్ల ప్రాంతంలో మొదలై, బయటికి వచ్చేసరికి 200కి దిగుతుంది.

సరే, మీ కారు.

టైరు మీద రాసిన 195/65 ఆర్15లో 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే సైడ్‌వాల్ (రిమ్ నుంచి రోడ్డు తాకే భాగం దాకా ఉండే రబ్బరు పక్కగోడ) ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్ టైరు, 15 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. ఒకే కోడ్‌లో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడింటినీ కలిపి రాసినవాళ్ళకి దండం పెట్టాలి గానీ, లెక్క తేలికే. సైడ్‌వాల్ 195లో 65 శాతం, అంటే 126.75. అది రిమ్‌కి పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు 253.5. రిమ్ 15 అంగుళాలంటే 381. మొత్తం 634.5 మిల్లీమీటర్లు.

205/55 ఆర్16కి ఇదే లెక్క వేస్తే సైడ్‌వాల్ 112.75, రెండు వైపులా 225.5. రిమ్ 406.4. మొత్తం 631.9. చూశారా, రిమ్ అంగుళం పెరిగింది, చక్రం మాత్రం 2.6 మిల్లీమీటర్లు తగ్గింది. అర శాతం కూడా లేదు. కంటికి పెద్దగా కనిపించేది లోహపు భాగం, రోడ్డుని తాకేది రబ్బరు. వేగం లెక్కలో రిమ్ సైజుకి చోటు లేదు, టైరు బయటి వ్యాసానికే చోటు. కొత్త రిమ్‌కి సైడ్‌వాల్ తక్కువున్న టైరునే జతచేయమనేది ఇందుకే.

అలా కాకుండా "కొంచెం ఎత్తుగా ఉంటే బాగుంటుంది" అని 205/60 ఆర్16 వేయిస్తే వ్యాసం 652.4, అంటే 2.8 శాతం ఎక్కువ. 215/60 ఆర్16 అయితే 664.4, అంటే 4.7 శాతం. ఇక్కడ మీ స్నేహితులిద్దరి మాటలూ పనిచేయడం మొదలవుతుంది. వర్క్‌షాపుల్లో సాధారణంగా 3 శాతం లోపు తేడాని ఫర్వాలేదంటారు, నేనూ అదే పాటిస్తాను. దాని వెనకున్న కారణం స్పీడోమీటర్.

స్పీడోమీటర్‌కి రోడ్డు తెలీదు. చక్రమో గేరుబాక్సులోని షాఫ్టో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, తయారీ అప్పుడు లోపల పెట్టిన ఒక అంకెతో గుణించి చూపిస్తుంది. మీరు టైరు మార్చినా ఆ అంకె మారదు. టైరు 4.7 శాతం పెద్దదైతే, మీటరు 100 అని చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 105 మీద పోతూ ఉంటుంది (మీటరు మొదట సరిగ్గా చూపిస్తోందనుకుంటే).

అయితే మీటర్లు మొదట్నుంచే కొంచెం ఎక్కువ చూపించేలా చేస్తారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ఈ విషయం మీదే. మీటరు నిజమైన వేగం కంటే ఎప్పుడూ తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించినా ఆ వేగంలో పదో వంతుకి 4 కిలోమీటర్లు కలిపినంత లోపే ఉండాలి. అంటే నిజంగా 100 మీద పోతున్నప్పుడు మీటరు 100 నుంచి 114 దాకా ఏదైనా చూపించవచ్చు. మీ మీటరు 100కి 104 చూపిస్తోందనుకోండి. 2.8 శాతం పెద్ద టైరు వేస్తే, 104 చూపించినప్పుడు మీ అసలు వేగం 102.8, ఇంకా నియమం లోపలే ఉన్నారు. 4.7 శాతం టైరు వేస్తే అసలు వేగం 104.7. ఇప్పుడు మీటరు మిమ్మల్ని మోసం చేస్తోంది, అదీ ప్రమాదకరమైన వైపుకి.

ఓడోమీటర్ (తిరిగిన కిలోమీటర్లు చూపించేది) సంగతి జనం పట్టించుకోరు. 2.8 శాతం పెద్ద టైరుతో మీరు 10,000 కిలోమీటర్లు తిరిగితే అది 9,726 అని చూపిస్తుంది. దాంతో మైలేజి లెక్క వేసుకుని "కొత్త టైర్లు వేశాక మైలేజి పడిపోయింది" అని దిగులుపడేవాళ్ళని చాలామందిని చూశాను. అందులో కొంత నిజంగా పడిపోయినది కాదు, లెక్కలో తగ్గినది.

ఇప్పటిదాకా టైరు పూర్తి గుండ్రంగా ఉందన్నట్టు మాట్లాడాను. కానీ బండి బరువు పడ్డాక కింద నొక్కుకుపోతుంది. అప్పుడు ఏ వ్యాసార్థం తీసుకోవాలి? ఇది మంచి ప్రశ్న, అనుభవమున్న మెకానిక్కులు కూడా తడబడే చోటు. మీ 195/65 ఆర్15 టైరు బరువు లేనప్పుడు వ్యాసార్థం 317 మిల్లీమీటర్లు. కారు దించాక ఇరుసు నేల నుంచి సుమారు 290 నుంచి 295 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చక్రం 317 మీద దొర్లినట్టు ప్రవర్తించదు, 290 మీదా కాదు, మధ్యలో 308 దగ్గర తేలుతుంది. ట్రెడ్ (రోడ్డుని తాకే గాడుల భాగం) కింద ఉక్కు తీగల బెల్టు ఉంటుంది కదా, అది దాదాపు సాగదు, కుంచించుకోదు. టైరు ఆకారం చప్పిడిగా మారినా ఆ బెల్టు పొడవు అలాగే ఉంటుంది కాబట్టి ఒక చుట్టులో నేల మీద పరుచుకునే దూరం పెద్దగా తగ్గదు. ఐరోపా టైర్ల ప్రమాణాల్లో రేడియల్ టైరుకి చుట్టుకొలత లెక్కలో 3.14 బదులు 3.05 వాడతారు. మీ టైరుకి 1,993 మిల్లీమీటర్లు రావాల్సింది 1,935 అవుతుంది.

మీరే కొలుచుకోవచ్చు. చదునైన సిమెంటు నేల మీద కారు నిలిపి, గాలి సరిగ్గా ఉందో చూసుకుని, ఒకరు డ్రైవర్ సీట్లో కూర్చోండి. టైరు నేలని తాకే చోట, సైడ్‌వాల్ మీదా నేల మీదా చాక్‌పీసుతో ఒకే గీత పెట్టండి. స్టీరింగ్ తిప్పకుండా కారుని నెమ్మదిగా తోసి, ఐదు పూర్తి చుట్లయ్యాక గీత మళ్ళీ నేలకి తగిలిన చోట ఇంకో గీత. మధ్య దూరాన్ని టేపుతో కొలిచి ఐదుతో భాగించండి. ఒకే చుట్టు కొలిస్తే గీత పెట్టడంలో వచ్చే సెంటీమీటరు తేడాయే అర శాతం తప్పు తెస్తుంది. ఐదు చుట్లకి ఆ తప్పు పంచుకుపోతుంది.

గాలి తగ్గితే ఈ దొర్లే వ్యాసార్థం కూడా కొద్దిగా తగ్గుతుంది, మామూలుగా ఒక శాతం లోపే. అంత చిన్న తేడాని కూడా వాడుకునే కార్లున్నాయి. కొన్నింటిలో టైరు గాలి హెచ్చరిక కోసం విడిగా సెన్సార్లు ఉండవు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సార్లే నాలుగు చక్రాల చుట్లనీ పోల్చి చూస్తుంటాయి. ఒక చక్రం మిగతా మూడింటికంటే నిలకడగా కాస్త ఎక్కువ తిరుగుతుంటే దానికి గాలి తగ్గిందని దీపం వెలుగుతుంది. అందుకే చక్రాల చుట్లని మాత్రమే పోల్చే పద్ధతిలో నాలుగు టైర్లకీ సమానంగా గాలి తగ్గితే పసిగట్టడం కష్టం. టైర్లు మార్చినా, గాలి నింపినా ఆ వ్యవస్థని రీసెట్ చేయమనేది ఇందుకే.

అరుగుదల కూడా సైజు మార్పే. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనిష్ఠం 1.6. రెండు వైపులా కలిపి వ్యాసంలో 12.8 మిల్లీమీటర్లు పోతాయి, మీ టైరులో ఇది 2 శాతం. అంటే ఏ టైరూ మార్చకుండానే మీ మీటరు కాలక్రమంలో 2 శాతం జరుగుతుంది. మామూలు కారుకి ఇది లెక్కలోకి రాదు. కానీ నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి అందే బండిలో ముందు రెండు కొత్తవి, వెనక రెండు బాగా అరిగినవి ఉంటే, నేరుగా పోతున్నా ముందు ఇరుసు, వెనక ఇరుసు వేర్వేరు వేగాల్లో తిరగాలి. మధ్యలో ఆ రెండు ఇరుసుల్నీ కలిపే కప్లింగ్ ఆ తేడాని మైళ్ళ తరబడి మింగుతూ వేడెక్కుతుంది. అలా వచ్చిన ఒక బండి నాకు బాగా గుర్తు. కప్లింగ్ నూనె కాలిపోయి నల్లగా, మాడు వాసనతో బయటికి వచ్చింది. ఓనరు గేరుబాక్సు మీద అనుమానపడుతున్నాడు. నేను గాడి లోతు కొలిచే గేజీ తీసి ముందు టైర్లలో, వెనక టైర్లలో పెట్టి చూపించాను. అలాంటి బండికి నాలుగూ ఒకేసారి మార్చడమే మంచిది.

ఇక మీ రెండో స్నేహితుడు చెప్పిన పికప్. ఇరుసు మీద టార్క్ (తిప్పే బలం) ఎంత ఉన్నా, అది రోడ్డు మీద తోపుగా మారేటప్పుడు వ్యాసార్థంతో భాగించబడుతుంది. వ్యాసార్థం 4.7 శాతం పెరిగితే తోపు దాదాపు 4.5 శాతం తగ్గుతుంది. వేగంలో సంపాదించినది బలంలో కడతారు, శక్తి మాత్రం అంతే ఉంటుంది. పెద్ద టైరు వేయడమంటే అన్ని గేర్లనీ ఒకేసారి కొంచెం పైకి జరపడమే. బ్రేకులకీ ఇదే వర్తిస్తుంది: అదే డిస్క్, అదే పట్టు, రోడ్డు మీద ఆపే బలం మాత్రం కొంచెం తక్కువ.

అందుకే "పెద్ద చక్రం వేస్తే టాప్ స్పీడు పెరుగుతుంది" అన్న మాట చాలా కార్లకి నిలవదు. టాప్ గేరులో ఇంజను ఆర్పీఎం పరిమితిని తాకి ఆగిపోయే బండికైతే పెరుగుతుంది. కానీ ఎక్కువ కార్లు గాలి నిరోధానికి ఓడి ఆగుతాయి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అక్కడ చక్రం పెద్దదైతే ఇంజను తన మంచి శక్తినిచ్చే ఆర్పీఎం నుంచి కిందికి జారుతుంది, టాప్ స్పీడు తగ్గినా ఆశ్చర్యం లేదు.

దీనికి తోడు ఇంకో అపోహ ఉంది: పెద్ద వ్యాసం కాబట్టే తిప్పడం బరువు అని. అంచు దగ్గర 10 కిలోలున్న ఒక రింగు దొర్లుతోందనుకోండి. ముందుకు పోవడానికి ఒక వంతు శక్తి, తిరగడానికి ఇంకో వంతు. వేగం పెంచేటప్పుడు అది 20 కిలోల సామానులా ప్రవర్తిస్తుంది. వ్యాసార్థం పెరిగితే జడత్వ భ్రామకం (తిప్పబోతే వస్తువు చూపే మొరాయింపు) పెరుగుతుంది నిజమే, కానీ అదే బండి వేగానికి తిరిగే వేగం తగ్గుతుంది. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. 10 కిలోల రింగు 15 అంగుళాలైనా 20 అంగుళాలైనా అదే 20 కిలోలు. పెద్ద రిమ్ములు బండిని మందగింపజేసేది అవి సాధారణంగా బరువెక్కువగా ఉండటం వల్ల. కొనేటప్పుడు రిమ్‌ని చేత్తో ఎత్తి చూడండి, లేదా కాటా మీద పెట్టించండి.

గేర్లు లేని రోజుల్లో చక్రం సైజే గేరు. ముందు చక్రం మనిషి భుజాల దాకా ఉండే పాతకాలపు ఎత్తు సైకిల్ బొమ్మలు చూసే ఉంటారు. పెడల్ నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేది. 52 అంగుళాల చక్రమైతే పెడల్ ఒక్క చుట్టుకి 4.15 మీటర్లు. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి 15 కిలోమీటర్లు. ఇంకా వేగం కావాలంటే ఇంకా పెద్ద చక్రం కావాలి, దానికి కాళ్ళ పొడవు అడ్డు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్‌తో వెనక చక్రానికి చైను వేశాక ఆ అడ్డు తొలగిపోయింది. 26 అంగుళాల చక్రానికి ముందు 44 పళ్ళు, వెనక 22 పళ్ళు పెడితే అది 52 అంగుళాల ఎత్తు చక్రంతో సమానం. సైకిల్ గేర్లని ఇప్పటికీ ఇలా అంగుళాల్లో చెప్పుకునేవాళ్ళున్నారు.

ఆవిరి ఇంజన్లదీ ఇదే కథ. పిస్టను నేరుగా చక్రానికే కడ్డీతో తగిలించి ఉండేది. బ్రిటన్‌లో 1938 జూలై 3న మల్లార్డ్ అనే ఆవిరి ఇంజను గంటకి 203 కిలోమీటర్లు అందుకున్నప్పుడు దాని నడిపే చక్రాల వ్యాసం 2.03 మీటర్లు. లెక్క వేస్తే నిమిషానికి సుమారు 530 చుట్లు. అంత బరువైన కడ్డీలు సెకనుకి దాదాపు తొమ్మిదిసార్లు వెనక్కీ ముందుకీ కొట్టుకుంటున్నాయన్నమాట. తర్వాతి కాలపు సరుకు రవాణా ఇంజను 9ఎఫ్‌కి చక్రాలు 1.52 మీటర్లే. ఆ చక్రాలతో అదే వేగం కావాలంటే నిమిషానికి 700 దాటాలి. కానీ దాని పని బరువు లాగడం, అందుకు చిన్న చక్రమే మేలు.

ఒక చిన్న పిడకల వేట. దొర్లే చక్రంలో అన్ని భాగాలూ ఒకే వేగంతో పోవు. నేలని తాకే చోటు ఆ క్షణంలో కదలదు, ఇరుసు బండి వేగంతో, పైభాగం దానికి రెట్టింపు వేగంతో పోతాయి. పక్కనుంచి పోయే సైకిల్‌ని ఫోటో తీస్తే కింది పుల్లలు (స్పోకులు) స్పష్టంగా, పై పుల్లలు చెరిగిపోయినట్టు వస్తాయి. రైలు చక్రం అంచు పట్టా పైభాగం కంటే కిందికి దిగి ఉంటుంది కదా, ఆ దిగిన భాగం రైలు ముందుకి పోతున్నా క్షణకాలం వెనక్కి కదులుతుంది.

మీరు అడగకపోయినా, ఇదే సూత్రం ప్రాణం మీదికి తెచ్చే చోటు ఒకటుంది, చెప్పకుండా ఉండలేను: యాంగిల్ గ్రైండర్ (చేత్తో పట్టుకుని లోహాన్ని కోసే, అరగదీసే మిషను). 125 మిల్లీమీటర్ల డిస్క్ మీద 12,200 ఆర్పీఎం అనీ, సెకనుకి 80 మీటర్లు అనీ రాసి ఉంటుంది. 230 డిస్క్ మీద ఆర్పీఎం 6,600 చిల్లర, కానీ అంచు వేగం అదే 80 మీటర్లు. అసలు పరిమితి అంచు వేగానిది, ఆర్పీఎం దాని నుంచి పుట్టిన అంకె. గార్డు విప్పేసి, 11,000 ఆర్పీఎంతో తిరిగే చిన్న గ్రైండర్‌కి 230 డిస్క్ తగిలిస్తే అంచు వేగం సెకనుకి 132 మీటర్లు దాటుతుంది. డిస్క్‌ని చీల్చే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే అనుమతించిన దానికి దాదాపు 2.7 రెట్లు. డిస్క్ మీది ఆర్పీఎం ఎప్పుడూ గ్రైండర్ మీది ఆర్పీఎం కంటే తక్కువ ఉండకూడదు, గార్డు విప్పితే గానీ పట్టని డిస్క్ ఆ మిషనుది కాదు. డిస్క్ అరుగుతున్నకొద్దీ కోత మందగించినట్టు అనిపించడానికి కారణమూ ఇదే, ఆర్పీఎం అంతే ఉన్నా అంచు వేగం తగ్గుతూ వస్తుంది.

రోబోలు చేసే విద్యార్థులు అడిగేది ఇంకొకటి: రెండు మోటార్లకీ సమానంగా చుట్లు ఇచ్చినా రోబో పక్కకి పోతోందేంటి అని. చక్రాలు 65 మిల్లీమీటర్లు, మధ్య దూరం 150 మిల్లీమీటర్లు అనుకోండి. రెండు చక్రాల వ్యాసంలో ఒక్క శాతం తేడా ఉన్నా రోబో 15 మీటర్ల వ్యాసార్థమున్న వలయం గీస్తుంది. 3 మీటర్లు పోయేసరికి 30 సెంటీమీటర్లు పక్కకి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే ఆ తేడా దొరక్కపోవచ్చు, రబ్బరు బరువుకి ఎంత నొక్కుకుంటుందో కాలిపర్‌కి తెలీదు. పొడవాటి దూరం నడిపించి, ఒక్కో చక్రానికి విడిగా దొర్లే చుట్టుకొలత పట్టుకుని కోడ్‌లో పెట్టాలి.

మళ్ళీ మీ కారుకి. 205/55 ఆర్16 నిశ్చింతగా వేయించండి. వేయించాక ఖాళీ రోడ్డు మీద స్థిరంగా 80 పట్టి, పక్క సీట్లో ఉన్నవాళ్ళని ఫోన్‌లో జీపీఎస్ వేగం చదవమనండి. జీపీఎస్ ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది కాబట్టి వేగం నిలకడగా ఉన్నాకే చూడాలి. మీటరు జీపీఎస్ కంటే సమానంగానో కొంచెం ఎక్కువగానో చూపిస్తే సరే, తక్కువ చూపిస్తే టైరు సైజు మళ్ళీ చూసుకోండి. కొనే ముందు ఇంకొకటి: సైజు తర్వాత ఉండే లోడ్ సూచిక అంకె పాత టైరుదాని కంటే తక్కువ ఉండకూడదు. మీ సైజులో సాధారణంగా 91 ఉంటుంది, ఒక్కో టైరుకి 615 కిలోలన్నమాట. 205/55 ఆర్16లో 91 తేలిగ్గానే దొరుకుతుంది. రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ మధ్యగీత నుంచి బోల్టులు బిగించే ముఖం ఎంత పక్కకి ఉందన్న కొలత) కూడా సరిపోవాలి. లేదంటే పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌ని రాస్తుంది. బిల్లు చెల్లించకముందే అక్కడే కుడి చివరికీ ఎడమ చివరికీ తిప్పించి చూసుకోండి.